వియత్నాం కోడలు

సినిమాలో ఆ అమ్మాయి ఇంకా అదే గిన్నె తోముతోంది, నేను ఇంకా అదే మాట నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. టీవీలో వాన, ఇక్కడ కిటికీ అద్దం మీద ఎండ, ఎదురింటివాళ్ళు ఆరేసిన దుప్పటి గాలి ఆడక శిక్ష పడ్డదానిలా కదలకుండా ఉంది. నాలుగింటికి మా ఆడపడుచు కారేసుకుని వస్తుంది, వచ్చి వాళ్ళమ్మని తీసుకెళ్తుంది. చుట్టపుచూపుకి కాదు, ఇక అక్కడే ఉండటానికి. ఈ సంగతి మావారికి తెలుసు, మా ఆడపడుచుకి తెలుసు, ఆవిడ భర్తకి తెలుసు, దారిలో వాళ్ళ కారుకి పెట్రోలు పోసేవాడికి కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనిది ఒక్క మా అత్తయ్యకే. ఆవిడ నా పక్కన సోఫాలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మొహం బాల్కనీ వైపు తిప్పుకుని కూర్చుని “ఏం జరుగుతోంది?” అని అడుగుతోంది. గిన్నెలు తోముతోందండీ అన్నాను. “నిన్నటివేనా?” అంది. నిన్నటి సినిమా వేరు, ఆ గిన్నెలు వేరు, కానీ ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు, గిన్నెలన్నీ ఒక్కటే, నిన్నటివే ఇవాళ, వియత్నాంవే ఇక్కడ. నవ్వు రావాలి నాకు. రాలేదు. ఈమధ్య నవ్వు కూడా లేచి రావడానికి బద్ధకిస్తోంది.

మా అత్తయ్య కంటిచూపుకి సరిగ్గా నడిమధ్య మచ్చ పడింది. ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కలు కనపడతాయి. అందుకని ఏదైనా చూడాలంటే ఆవిడ దాన్నుంచి మొహం తిప్పుకోవాలి. టీవీ చూడాలంటే బాల్కనీ వైపు తిరుగుతుంది, నన్ను చూడాలంటే గోడ వైపు. ఇంటికొచ్చినవాళ్ళు ఈ అత్తాకోడళ్ళకి మాటల్లేవు కాబోలని జాలిపడి, ఆ జాలి తీసుకెళ్ళి పక్కిళ్ళలో పంచిపెడతారు. మామూలు సినిమాలతో ఆవిడకి పెద్ద చిక్కొచ్చిపడింది, వాటిల్లో ఉన్నదంతా నడిమధ్యే ఉంటుంది, హీరో నడిమధ్య, హీరోగారి మీసం ఇంకా నడిమధ్య. ఆవిడకి దక్కేదల్లా అటూ ఇటూ గెంతేవాళ్ళ మోచేతులు. ఈ వియత్నాం వాళ్ళు అలా కాదు. కెమెరాని ఏ గుమ్మం అవతలో పెట్టి, పెట్టిన సంగతి మరిచిపోయినట్టు వెళ్ళిపోతారు. మధ్యలో ఖాళీ గది. మనిషి ఒక అంచున సగమే కనపడుతుంది, ఇంకో మూల నుంచి కుక్క ఒకటి వచ్చి నేల వాసన చూసి పోతుంది. “మూల ఏదో కదిలింది” అంటుంది అత్తయ్య. నేను తెర కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ ఉంటాను కదా, నాకా కుక్క కనపడనే కనపడదు, వెనక్కి జరిపి చూస్తే నిజంగానే కుక్క. అలా మేమిద్దరం కలిసి ఒక సినిమా మొత్తం చూస్తాం, ఆవిడ అంచులు, నేను మధ్య.

అసలు మొదట నేను దీన్ని వంటల కార్యక్రమం అనుకునే పెట్టాను. మా అమ్మాయి ఉద్యోగంలో చేరడానికి వెళ్తూ వెళ్తూ తన సినిమాల యాప్‌ని మా టీవీలో వదిలేసి వెళ్ళింది, పాత చెప్పులు వదిలేసినట్టు. అందులో ఒక బొమ్మ మీద ఒకావిడ ఆకుకూర తరుగుతోంది, నొక్కాను. తరిగింది. ఇంకా తరిగింది. అంతా అయ్యాక కత్తి కడిగింది, తరిగే పలక కడిగింది, గట్టు తుడిచింది, తుడిచిన గుడ్డని ఉతికి, పిండి, దులిపి ఆరేసింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. తరగడం దాకా అందరూ చూపిస్తారు, ఆ గుడ్డ పిండేదాకా ఎవరుంటారు? డిగ్రీ చదివాను, పెళ్ళికి ముందు బోలెడు సినిమాలు చూశాను, నా బతుకులో పెద్ద భాగం ఆ గుడ్డ పిండడంలోనే పోయింది, అది తెర మీద చూడటం మాత్రం అదే మొదలు. ఎవరో ఇంత దూరం వచ్చి నా వెనక నిలబడి, మాట్లాడకుండా, నేను చేసేదంతా అయ్యేదాకా ఆగినట్టనిపించింది. మావారు ఆఫీసు నుంచి వచ్చి ఒక నిమిషం చూసి “స్టక్కయింది చూడు” అన్నారు. అవలేదండీ, అది అంతే అన్నాను. ఆయన వినలేదు, ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి బొమ్మ కదలడం లేదని గట్టిగా మాట్లాడారు, అవతలివాళ్ళు లైను బ్రహ్మాండంగా ఉందండీ అంటే ఇంకా గట్టిగా మాట్లాడారు. అంతలో బొమ్మలో గోడకానుకుని కూర్చున్న ముసలాయన తుమ్మాడు. ఫోన్ పెట్టేసి మావారు “ఇందులో ఏమీ జరగదేమిటే?” అన్నారు. పొద్దుటి నుంచీ నువ్వేం చేశావని అడిగి, నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆయన మొహం ఎలా అవుతుందో సరిగ్గా అలాగే ఉంది అప్పుడు.

గిన్నెలయ్యాయి. ఇప్పుడా అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి వాన చూస్తోంది, అంటే కెమెరాకి వీపే కనపడుతోంది. ఆ వీపు చూస్తే చాలు ఎంత పని చేసొచ్చిందో తెలుస్తుంది. మొహాలతో పనేముంది వీళ్ళకి? ఎవరైనా ఏడుస్తుంటే దగ్గరికి కూడా వెళ్ళరు, గుమ్మం దగ్గరే ఆగిపోతారు, ఎప్పుడు లోపలికి రావాలో తెలిసిన చుట్టంలాగా. మామూలుగా అయితే కన్నీటిబొట్టు చెంప దిగి గడ్డం దాకా వచ్చేవరకూ వెంటపడతారు కదా. తీసేవాళ్ళంతా కుర్రవాళ్ళేనట, ఎక్కడో చదివాను, కుర్రవాళ్ళకి ఇంత నిదానం ఎవరు నేర్పారో, వాళ్ళమ్మలే అయుంటారు, ఊరికే కూర్చుని వాళ్ళమ్మల్ని చూసి ఉంటారు. ఒక సినిమాలో ఏరు దాటించే పడవ కోసం మోటారుసైకిళ్ళన్నీ ఆగి ఉంటాయి, పడవ రాదు, ఒకావిడ హెల్మెట్ తీసి, జడ విప్పి, మళ్ళీ అల్లుకుని, హెల్మెట్ పెట్టుకుంటుంది, పడవ వస్తుంది. అంతే కథ. ఆ జడ అల్లుకునేటప్పుడు ఆవిడ దేని గురించో ఒక నిర్ణయానికొచ్చింది. దేని గురించో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంకోదాంట్లో చనిపోయిన భర్త తిరిగొస్తాడు, హోరెత్తించే వాయిద్యాలేమీ ఉండవు, వచ్చి స్టూలు మీద కూర్చుని ఫ్యాను వేసుకుంటాడు, కాస్త తగ్గించు, నాకు చలిగా ఉంది అంటుంది భార్య. ఇది చెప్తే మా అత్తయ్య “మీ మామయ్య వచ్చినా అంతే, ముందు ఫ్యాను దగ్గరికే వెళ్తారు” అంది, అని ఆ రోజంతా హాల్లో ఫ్యాను ఆపనివ్వలేదు. యుద్ధం గురించి వాళ్ళు నోరెత్తరు. ఒక ఇంటి వెనక చెరువులో బాతులు ఈదుతుంటాయి, చుట్టూ పిల్లలు ఆడుతుంటారు, బట్టలు ఉతుకుతుంటారు. ఆ చెరువు అంత గుండ్రంగా ఎందుకుందో ఎవరూ చెప్పరు. మర్నాడు స్టవ్ తుడుస్తుంటే తట్టింది నాకు, అది చెరువు కాదు, బాంబు పడ్డ గొయ్యి. చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. సినిమా చూసిన మర్నాడు స్టవ్ దగ్గర అర్థమయ్యే సినిమాలు, నాకు సరిపోయినవి అవే.

“వాన రేకుల మీద పడుతోంది” అంది అత్తయ్య. అవునండీ, వంటింటి మీద రేకులే అన్నాను. “ఆ పిల్ల వంట మానేసి వాన చూస్తోందా? మంచిదే” అంది. చెప్పేస్తే పోతుంది కదా ఇప్పుడు, వానలో కలిపేసి. అత్తయ్యా, మీ అమ్మాయొస్తోంది. ఇంతే కదా. ఇంతే అయితే మావారే చెప్పి ఉండేవారు, ఆయనకి ఇవాళ పొద్దున్నే మీటింగు పుట్టింది. మా ఆడపడుచు ఫోన్లో “నేను చెప్తే అమ్మ ఏడుస్తుంది వదినా, నువ్వైతే నేర్పుగా చెప్తావు” అంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు కూడా ఇలాగే ఉండి ఉంటారు, పగిలిన గ్లాసు ఎవరిదో తేలేలోగా ఇద్దరూ మాయం. నా నేర్పు మీద ఇంత నమ్మకం ఈ ఇంట్లో ఎవరికీ ఇదివరకు ఉన్నట్టు నాకు తెలియదు.

అనడం మాత్రం నేనే అన్నాను. వంటింట్లో, మావారికి కాఫీ ఇస్తూ, నావల్ల కాదండీ అన్నాను. కంట్లో చుక్కలు వెయ్యడం, చెయ్యిపట్టి స్నానాలగదికి తీసుకెళ్ళడం, కుర్చీ ఎవరైనా జరిపితే ఆవిడ మోకాలికి తగలకుండా మళ్ళీ దాని చోటికి జరపడం, అవేవీ కష్టం కాదు, అవన్నీ చేతుల పని, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. అలిసిపోయినవి నా కళ్ళు. అవి ఇద్దరికి పనిచేస్తున్నాయి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇల్లంతా నేను చదివి వినిపించాలి. ఏం జరుగుతోంది? పాలు పొంగుతున్నాయండీ. ఎవరది? పేపరండీ. ఏమిటా చప్పుడు? పక్కవాళ్ళు మంచం జరుపుతున్నారండీ. మంచం ఎందుకు జరుపుతున్నారు? ఏమోనండీ. ఏమోనంటే ఆవిడ ఊరుకోదు, ఊరుకోకపోవడం ఆవిడ తప్పు కాదు, నడిమధ్యలో అంత మచ్చ పెట్టుకుని ఎవరు ఊరుకుంటారు, నేనైతే ఇంకా అడుగుతాను. కానీ నాకంటూ ఏదైనా ఊరికే చూడటం పోయింది. ఆకాశం చూస్తే ఆకాశం ఎలా ఉందో చెప్పాలి. ఆ రోజు కాఫీ ఇస్తూ నేనన్నది ఓ వారం సంగతి, ఓ వారం ఎవరైనా చూసుకుంటే మధ్యాహ్నాలు పడుకుంటాను అని. మావారు విన్నది ఇక ఎప్పటికీ అని. సాయంత్రానికల్లా చెల్లెలితో మాట్లాడేశారు, ఆవిడా అడ్డు చెప్పలేదు, గది ఖాళీగానే ఉందంది, పిల్లలు నానమ్మ దగ్గర కథలు వింటారు అని పక్కనుంచి ఆవిడ భర్త అంటే అమ్మమ్మండీ అని దిద్దింది. నేనన్నదాన్ని నేను దిద్దలేదు. దిద్దుదామనే అనుకున్నాను, తీరా ఆయన అలా అంతా సర్దేశాక నా ఒళ్ళు నాకు చెప్పకుండా ఎంత తేలికైందంటే, ఆ తేలికదనం చూసి నాకే భయమేసింది, భయంతో పాటు నిద్ర కూడా వచ్చింది.

తెర మీద ఇప్పుడు ఇద్దరున్నారు. ఆ అమ్మాయీ, ఒక పెద్దావిడా, మధ్యలో తక్కువ ఎత్తు బల్ల, బల్ల మీద కాగితపు సంచులు మడతపెడుతున్నారు. నిజానికి ఆ అమ్మాయి ఆ ఇంట్లో అద్దెకుంటోంది. మొదట్లో అక్షరాలు తొందరగా పోయాయి, నేను కోడలు అనేశాను, తర్వాత అద్దెకున్న మనిషి అని తెలిసినా మార్చలేదు, కోడలైతే చెప్పడం తేలిక, గిన్నెలెందుకు తోముతోందో వేరే వివరించక్కర్లేదు. ఇలాంటి స్వతంత్రం నేను అప్పుడప్పుడు తీసుకుంటాను. కింద అక్షరాలు ఇంగ్లీషులో వస్తాయి, నేను చదివి తెలుగులో చెప్తాను, మధ్యలో ఉప్పో కారమో పడుతుంది. ఓసారి ఒక వియత్నాం మొగుడు “రేపు నేనే వంట చేస్తాను, నువ్వు పడుకో” అన్నాడని మావారు పక్కన పేపరు చదువుకుంటుండగా గట్టిగా చెప్పాను, వాడు నిజానికి అన్నది సైకిలు గాలి గురించి. పేపరు కాస్త వణికింది అంతే. అత్తయ్య మాత్రం నా వైపు, అంటే గోడ వైపు తిరిగి “ఈ మొగుళ్ళు చాలా మంచివాళ్ళమ్మా” అంది. ఆవిడ ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసింది. ఎంతమంది పిల్లల ఎన్ని అబద్ధాలు విని ఉంటుందో. ఆవిడే చెప్పేది, ఏ పిల్లా తనకి కావాలని అడగదట, మా ఫ్రెండు సినిమాకి వెళ్ళొచ్చా మేడమ్ అని అడుగుతుందట. ఆ ఫ్రెండు ఎవరో ఆవిడ ఎప్పుడూ అడగలేదట, ‘మీ ఫ్రెండుని ఎనిమిదిలోగా రమ్మను, తాళం వేసేస్తాను’ అనేదట.

వెళ్ళిన పిల్లలంతా ఎనిమిదిలోగా వచ్చేవారా అత్తయ్యా అని నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడెందుకో అడగాలనిపించింది, అంతలో తెర మీద అమ్మాయి నోరు తెరిచింది. పంపు మళ్ళీ పాడైంది అని పడింది కింద.

“ఏమంటోంది?” అంది అత్తయ్య.

“మీతో ఒక మాట చెప్పాలి అంటోందండీ. ఆ పెద్దావిడతో.” నా నోరే అంది, నేను అనుకోలేదు.

“చెప్పమను.”

మొన్ననే కదా బాగుచేయించాం, అంది తెర మీద పెద్దావిడ. ఏమిటో చెప్పు అంటోందండీ అన్నాను నేను. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడటం మానేశారు. ఈ సినిమాలతో వచ్చిన చిక్కే ఇది, సరిగ్గా మనకి అవసరం పడ్డప్పుడు మౌనంగా సంచులు మడతపెడతారు. కాగితం చప్పుడు, వాన చప్పుడు, ఎక్కడో దూరంగా మోటారుసైకిలు.

“చెప్పదేం?”

“ఆలోచిస్తోందండీ.”

“ఇంతసేపు ఆలోచించిందంటే మంచిమాట అయుండదు. కానీమను, మళ్ళీ వాన తగ్గితే అన్నీ పక్కింటికి వినపడతాయి.”

“ఆవిడ కూతురు వస్తోందట” అన్నాను. “ఇవాళే.”

“ఊరికే చూసిపోవడానికా?”

“తీసుకెళ్ళడానికి.”

అత్తయ్య మోకాళ్ళ మీద చేతులు అలాగే ఉన్నాయి. మొహం మాత్రం మెల్లగా బాల్కనీ వైపు నుంచి గోడ వైపు తిరిగింది, గోడ మీద క్యాలెండరు కూడా లేదు, అంటే నన్నే చూస్తోంది. ఏమైనా అంటే బాగుండును. నన్ను తిట్టినా బాగుండును, తిట్లు తినడం చేతనవును నాకు, ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

“ఆ కోడలు ఎలా ఉంటుందే అమ్మాయ్? ఇందాకట్నుంచీ చెప్పనేలేదు.”

“ఎలా అంటే?”

“మనిషి. చూడ్డానికి.”

తెర వైపు చూశాను. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, నున్నగా, చలాకీగా ఉంది. “అలిసిపోయి ఉందండీ” అన్నాను.

“చెడ్డదా?”

“ఏమో. సినిమా సగమే అయింది.”

“చెడ్డదైతే చెప్పకుండా పంపించేది” అంది అత్తయ్య. “ఆవిడేమంటోంది, పెద్దావిడ?”

“ఏమీ అనట్లేదండీ. సంచులు మడతపెడుతోంది.”

“అనదు. లోపల కోపంగా ఉంటుంది. ఒక్కరోజు ముందు చెప్పుంటే తన చీరలు తనే సర్దుకునేది కదా. ఇప్పుడెవరో సర్దుతారు, ఏది ఎక్కడుందో తెలియక అక్కడ ఇంకో ఏడాది తడుముకోవాలి.” చెయ్యి చాపి సోఫా అంచు తడిమింది, అక్కడుండే తువ్వాలు అక్కడే ఉంది, తీసుకుని మెడ తుడుచుకుంది. “ఆ కోడలితో చెప్పు, ఆవిడకి కోపమొచ్చిందని. వచ్చింది, కాసేపుండి పోతుందని చెప్పు.”

“నేను చెప్తే ఆ పిల్లకి వినపడదు కదండీ.”

“వినపడుతుందిలే” అంది అత్తయ్య.

నేను లేచి వెళ్ళి సర్దాను. ఆవిడ సోఫాలోంచే చెప్తూ ఉంది, రంగుల ప్రకారం కాదు, బట్ట రకాన్ని బట్టి, గంజిపెట్టినవి అడుగున, మెత్తవి పైన, లోపలివి కుడిచేతి అరలో, కంటి చుక్కలు చేతిసంచిలో పెట్టు, పెట్టెలో పెడితే దారిలో వెతుకుతుంది అది, దానికి చిన్నప్పట్నుంచీ ఏదీ దొరకదు. హాల్లో వాన ఆగింది, మళ్ళీ మొదలైంది. మెత్తటి చీరలన్నీ ఒక వాసన. ఆ పెట్టె మూత వేస్తుంటే నాకు ఏడుపు వస్తుందేమోనని ఒక క్షణం ఆగాను, రాలేదు, ఆవలింత వచ్చింది, ఇంత పెద్ద ఆవలింత, కళ్ళలో నీళ్ళు మాత్రం దానివల్లే వచ్చాయి. ఎవరైనా చూస్తే నమ్మరు. ఈ గదిలో కెమెరా ఎక్కడైనా పెట్టుంటే గుమ్మం అవతలే పెట్టుంటారని, నా వీపే కనపడుతుందని ధైర్యం తెచ్చుకున్నాను. ఉండమని ఇప్పుడు అనచ్చు. వెళ్ళి, వద్దులెండి, పోనీ ఓ వారం ఉండి వచ్చెయ్యండి అనచ్చు. అంటే ఆవిడ వింటుంది. అందుకే అనలేదు. అలా అనుకోవడం ఎంత వికారంగా ఉందో అంత నిజంగానూ ఉంది, నా ఒళ్ళు అనుకుంది అది, నేను కాదు, కానీ ఒంటిని వదిలేసి నేనెక్కడికి పోతాను.

బెల్లు మోగింది. మా ఆడపడుచు చేతిలో కారు తాళాలు, నుదుటిన చెమట, గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని గుసగుసగా “చెప్పావా వదినా? ఏమంది? ఏడ్చిందా?” అంది. నేను నోరు తెరిచేలోగా సోఫాలోంచి ఖణీమని వినపడింది.

“గుసగుసలెందుకే, కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. నేనే రప్పించమన్నాను మీ వదినతో. నావల్ల కాదమ్మా ఇక్కడ. మధ్యాహ్నమైతే చాలు వియత్నాం సినిమా పెడుతుంది. పాటల్లేవు, ఫైటింగుల్లేవు, ఒక్కడూ గట్టిగా నవ్వడు. గిన్నెలు తోముతారు, వాన పడుతుంది, సంచులు మడతేస్తారు. చూసి చూసి నా ప్రాణం విసిగిపోయింది. మీ ఇంట్లో మంచి సినిమాలున్నాయా లేవా?”

నావల్ల కాదు. అచ్చం నేనన్నట్టే అంది, కాఫీ ఇస్తూ నేను ఎక్కడ సాగదీశానో అక్కడే సాగదీసి. వంటింటి గోడ అంత పల్చనిదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. మా ఆడపడుచు నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది. “ఏమిటి వదినా మరీనూ! కళ్ళు కనపడని మనిషి, కాస్త పాటలున్నవి పెట్టచ్చు కదా పాపం. నీ సరదా నువ్వు పడుకున్నాక చూసుకోవచ్చుగా.” పడుకున్నాక ఎలా చూస్తానో నేను అడగలేదు. “పెట్టాల్సింది” అన్నాను. తల కూడా వంచుకున్నాను. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ తెలిసిపోతుంది, వదిన అత్తగారిని సినిమాలతో వేధించిందని, ఆవిడ తట్టుకోలేక కూతురి దగ్గరికి పారిపోయిందని. తెలియనీ. ఇంతకన్నా తేలికైన నింద ఇంకొకటి నాకోసం ఎవరూ వెతికి తేలేరు. అత్తయ్య దాన్ని సోఫాలో కూర్చుని, ఆ కాసేపట్లోనే తయారుచేసింది, నేను చీరలు మడతపెడుతున్నప్పుడే అయుంటుంది.

లిఫ్టు దాకా చెయ్యి పట్టుకున్నాను. కింద కారు ఎక్కేటప్పుడు ఆవిడ డ్రైవరు సీటు వైపు మొహం తిప్పి నా వైపు చూసింది. ఏమైనా చెప్తుందేమోనని వంగాను. “తల జాగ్రత్త, తలుపు తగులుతుంది” అంది, ఎక్కుతున్నది తను. కారు వెళ్ళింది. మలుపు దగ్గర ఎడమ దీపం వెలిగి ఆరి వెలిగి ఆరి, వెళ్ళింది. పక్క ఫ్లాటావిడ కూరగాయల సంచితో వస్తూ, ఎవరు వెళ్ళారండీ అంది, మా అత్తయ్య అన్నాను, ఎన్నాళ్ళకి అంది, చెప్పలేదావిడ అన్నాను, పైకొచ్చేశాను.

తలుపు తీసేసరికి హాల్లో ఎవరో మాట్లాడుకుంటున్నారు. ఉలిక్కిపడ్డాను. వియత్నాం వాళ్ళు. ఆపడం మరిచిపోయాను, వాళ్ళ మానాన వాళ్ళు కానిచ్చుకుంటున్నారు, పెద్దావిడ ఎక్కడా లేదు, నేను పెట్టె సర్దుతుండగా ఏమైందో తెలియదు, చచ్చిపోయిందో, పంపు బాగుచేసేవాడి కోసం వెళ్ళిందో. ఇల్లంతా నీళ్ళు. వాన లోపలికొచ్చేసింది. ఆ అమ్మాయి చీర కుచ్చెళ్ళు దోపినట్టు ప్యాంటు పైకి మడిచి, పొడుగు చీపురుతో నీళ్ళని గుమ్మం అవతలికి తోస్తోంది, తోసినకొద్దీ వస్తున్నాయి, తోస్తోంది. నేను నిలబడే చూస్తున్నాను. ఎవరికీ చెప్పక్కర్లేదు ఇప్పుడు. నీళ్ళ మీద మబ్బుల వెలుగు పడి మెరుస్తోంది, చీపురు వెళ్ళినచోట చెదిరి మళ్ళీ అతుక్కుంటోంది, దీన్ని ఎవరికీ తెలుగులో పెట్టక్కర్లేదు, ఊరికే చూడచ్చు. ఎంత బాగుంది. ఎంత బాగుందో అనుకునేలోపలే, మూల ఏదైనా కదులుతోందా అని నా కళ్ళు అంచులకి పోయాయి. నాకెలా తెలుస్తుంది, ఆ మూలలు నా వాటా కావు.

ఫోన్ మోగింది. మా ఆడపడుచు నంబరు. అప్పుడే ఏం మరిచిపోయారో అనుకుంటూ ఎత్తాను, హారన్ల గోలలోంచి అత్తయ్య గొంతు, వెనకాల “ఇంకా సిగ్నలైనా దాటలేదు కదమ్మా” అని కూతురి విసుగు.

“ఏం జరుగుతోంది?” అంది అత్తయ్య.

తెర వైపు చూశాను. చీపురు, నీళ్ళు, చీపురు. ఆ పిల్ల రెక్కలు ఎలా ఆడుతున్నాయో చూస్తుంటే నా భుజాలు లాగాయి.

“కోడలు కూర్చుందండీ” అన్నాను.

“కూర్చుని ఏం చేస్తోంది?”

“ఏమీ చెయ్యట్లేదు. ఊరికే కూర్చుంది.”

అవతల హారన్లు. ఎవరో ఎవరినో తిట్టారు. కారు కదిలిన చప్పుడైంది.

“సరే” అంది అత్తయ్య. “ఇప్పుడప్పుడే లేపకు.”